అందరి మీదా ఒకే ఎండ, పుండు ఒకరికే ఎందుకు?

మా పెదనాన్నకు ముక్కుకు కుడి పక్కన, చెంప మొదలయ్యే చోట, మినపగింజంత నల్లటి బుడిపె లేచింది. నెల్లూరు జిల్లా అల్లూరు మండలం ఇస్కపల్లిలో ఉప్పు కయ్యల్లో నలభై ఏళ్లు పనిచేసిన మనిషి. ముందు పులిపిరి అనుకున్నారు. ఎవరో చెబితే సున్నం, సోడా కలిపి పెట్టారు. పక్కు కట్టింది, ఊడింది, కింద మళ్లీ లేచింది. ఆర్‌ఎంపీ ఒకాయన ఇచ్చిన ఆయింట్‌మెంట్ ఆరు నెలలు రాశారు. మధ్యలో గుంట పడి, చుట్టూ ముత్యంలా మెరిసే అంచు వచ్చింది. మొహం తుడుచుకున్నప్పుడల్లా తువాలుకు చుక్క రక్తం అంటేది. రెండేళ్లు అలా గడిచాక చర్మం డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్షకు (బయాప్సీకి) పంపారు. బేసల్ సెల్ కార్సినోమా అని వచ్చింది. చర్మ క్యాన్సర్లలో ప్రపంచమంతటా ఎక్కువగా కనిపించేది ఇదే. నెమ్మదిగా పెరుగుతుంది, ఒంట్లో వేరే చోటికి పాకడం చాలా అరుదు. ఆపరేషన్ చేసి తీసేశారు. ఇప్పుడు బాగున్నారు.

రిపోర్టు వచ్చిన రోజు పెద్దమ్మ నన్ను అడిగింది: "ఊరు ఊరంతా ఎండలోనే ఉండారు గదా నాయనా. పక్క కయ్యల్లో చేసేవాళ్లకు రాలా. ఈయనకే ఎందుకొచ్చింది?"

నేను ఇంటర్ పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. ఎండలో అతినీలలోహిత కిరణాలు ఉంటాయి, అవి కణాల్లో డీఎన్‌ఏని పాడుచేస్తాయి, దాంతో క్యాన్సర్ వస్తుంది అని పాఠంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె తల ఊపింది గానీ, అది ఆమె అడిగిన దానికి జవాబు కాదని నాకు తెలుస్తూనే ఉంది. ఎండ అందరి మీదా పడింది, డీఎన్‌ఏ అందరిదీ పాడైంది. మరి కణితి ఆయనకే ఎందుకు? ఈ ప్రశ్న పట్టుకుని చదువుతూ పోతే పాఠ్యపుస్తకంలో లేని ఒక చిన్న అణువు దగ్గర తేలాను. దాని పేరు మైక్రోఆర్‌ఎన్‌ఏ. దాని గురించి చెప్పాలంటే ముందు ఎండ సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే ఎండ గురించి మనం అనుకునేవాటిలో సగం పొరపాటే.

మనం ఎండను వేడితో కొలుస్తాం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి అంటాం, అప్పుడే గొడుగు తీస్తాం. కానీ వేడి వేరు, అతినీలలోహిత కిరణాలు వేరు. వేడి ఒంటికి తెలుస్తుంది, ఆ కిరణాలు తెలియవు. సూర్యుడు ఎంత నిటారుగా ఉంటే అవి అంత ఎక్కువగా కిందికి దిగుతాయి. నెల్లూరులో సూర్యుడు నడినెత్తికి వచ్చేది పగలు పన్నెండు దాటిన పది నిమిషాలకు అటూ ఇటూగా. వేడి మాత్రం రెండు, మూడు గంటలకు గానీ పూర్తిగా ఎక్కదు. "ఇంకా ఎండ ముదరలేదు, ఈ నాలుగు కుప్పలు పోసి పోదాం" అని పదకొండున్నరకు అనుకునే మాటలోనే ప్రమాదం ఉంది. నెలల లెక్కా అంతే. మన అక్షాంశంలో సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వచ్చేది ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ నెలాఖరులో ఒకసారి, ఆగస్టు మధ్యలో ఇంకోసారి. ఆగస్టు ఎండకు ఎవరైనా భయపడతారా? పైగా మధ్యాహ్నానికి సముద్రం మీద నుంచి గాలి తిరుగుతుంది, ఒళ్లు చల్లబడుతుంది. కిరణాలు ఒక్క పిసరు కూడా తగ్గవు. పల్చటి మబ్బు పట్టినా చాలా భాగం కిందికి వచ్చేస్తాయి.

ఇంకొక సంగతి మా పెదనాన్న తలగుడ్డ చూస్తే అర్థమవుతుంది. ఆయన ఎప్పుడూ తలకు తువాలు చుట్టే ఉంటారు. అది నడినెత్తిని కాపాడుతుంది గానీ ముక్కును, చెవులను, కింది పెదవిని కాపాడదు. ఎండ పైనుంచే వస్తుందనుకుంటే అదీ కాదు. పొడి ఇసుక తన మీద పడిన అతినీలలోహిత కిరణాల్లో సుమారు 15 శాతం, సముద్రపు నురగ 25 శాతం వెనక్కి కొడతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తెల్లటి ఉప్పు కయ్యలో వంగి పలకతో ఉప్పు లాగే మనిషికి కింద నుంచి కూడా ఎండ తగులుతుంది.

ఈ కిరణాల్లో రెండు రకాలు నేల దాకా వస్తాయి. యూవీ-ఏ లోపలి పొర దాకా దిగి, కణంలో ఆక్సిజన్ తాలూకు చురుకైన అణువులను పుట్టించి, వాటి ద్వారా దెబ్బతీస్తుంది. యూవీ-బీ పై పొరలోనే ఆగిపోతుంది గానీ నేరుగా డీఎన్‌ఏ మీదే పడుతుంది. దాని తరంగదైర్ఘ్యం 280 నుంచి 315 నానోమీటర్లు. డీఎన్‌ఏలో నాలుగు అక్షరాలు ఉంటాయని చదువుకున్నాం కదా, వాటిలో థైమిన్, సైటోసిన్ అనేవి రెండు పక్కపక్కన పడిన చోట యూవీ-బీ వాటిని ఒకదానికొకటి అతికించేస్తుంది. అచ్చులో రెండు అక్షరాలు అలుక్కుపోయి ఒకే మరకలా పడినట్టు. కణం ఆ వరుసను చదవాలన్నా, నకలు తీసుకోవాలన్నా అక్కడ తడబడుతుంది. గట్టి ఎండలో కాసేపు నిలబడితే ఒక్కో కణంలో ఇలాంటి అతుకులు వేల సంఖ్యలో పడతాయి.

మరి అందరం ఎప్పుడో పోవాలి కదా? పోకపోవడానికి కారణం మరమ్మతు. అతుకు పడిన చోటును గుర్తించి, అటూ ఇటూ కలిపి దాదాపు 30 అక్షరాల ముక్కను కోసి పారేసి, ఎదుటి పోగును చూసి కొత్తది నింపే ఏర్పాటు ప్రతి కణంలోనూ ఉంది. దీని గుట్టు విప్పిన అజీజ్ సంజార్‌కు, డీఎన్‌ఏ మరమ్మతు మీదే పనిచేసిన మరో ఇద్దరితో కలిపి 2015లో రసాయనశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. ఈ మరమ్మతు పుట్టుకతోనే లేని పిల్లలు ఉంటారు. ఆ జబ్బును జెరోడెర్మా పిగ్మెంటోసమ్ అంటారు. రెండేళ్లు నిండకముందే మొహమంతా చుక్కలు చుక్కలుగా మచ్చలు, పదేళ్లు తిరగకుండానే చర్మ క్యాన్సర్లు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యువులూ చెడ్డవి వస్తేనే ఈ జబ్బు. అందుకే మేనరికాలు జరిగే మన ప్రాంతంలో దీని పేరు తెలిసి ఉండాలి. ఎండలోకి తీసుకెళ్లగానే మొహం కందిపోయి, కళ్లు మూసుకుని ఏడ్చే పసిబిడ్డను "సుకుమారం" అని వదిలేయకూడదు, ఒకసారి చర్మం డాక్టరుకు చూపించాలి.

మరమ్మతు ఎంత మంచిదైనా కొన్ని తప్పులు జారిపోతాయి. అతుకు పడిన చోట సైటోసిన్ ఉండాల్సిన స్థానంలో థైమిన్ వచ్చి కూర్చుంటుంది, అదే శాశ్వతం అవుతుంది. ఇది ఎండ చేతిరాత లాంటిది. కణితిలో ఈ రకం తప్పు కనిపిస్తే, ఇది ఎండ పని అని జన్యుశాస్త్రవేత్తలు గుర్తుపడతారు. 1991లోనే చర్మ క్యాన్సర్ కణితుల్లో పీ53 అనే జన్యువులో ఈ చేతిరాత దొరికింది. పీ53 కణానికి కాపలాదారు. డీఎన్‌ఏ బాగా దెబ్బతింటే "ఆగు, బాగు చేసుకో" అంటుంది, బాగుపడే స్థితి దాటితే "చచ్చిపో" అంటుంది. ఎండకు కమిలిన చర్మం నాలుగు రోజులకు పొరలుగా ఊడిపోవడం వెనక ఇలా చనిపోయిన కణాలు ఉంటాయి.

ఇక్కడి దాకా వచ్చాక నేను ఆగిపోయిన సంగతి ఒకటుంది. 2015లో ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు నలుగురు మనుషుల కనురెప్పల చర్మాన్ని పరీక్షించారు. క్యాన్సర్ లేదు, చూడ్డానికి మామూలు చర్మమే. రెప్పలు జారితే ఆపరేషన్ చేసి తీసేసిన ముక్కలు. ఆ చర్మంలో సుమారు నాలుగో వంతు కణాల్లో క్యాన్సర్‌కు దారితీసే రకం జన్యుమార్పులు అప్పటికే ఉన్నాయి, వాటిలో పీ53 తప్పులూ ఉన్నాయి. అయినా కణితి లేదు. అంటే అక్షరం తప్పు పోవడం ఒక్కటే చాలదు. తప్పులు మోస్తూనే చర్మం ఏళ్ల తరబడి మర్యాదగా బతుకుతుంది. ఏదో అదుపు చేస్తోంది. పెద్దమ్మ ప్రశ్నకు జవాబు ఆ అదుపులో ఉంది.

ఆ అదుపు చేసేవాటిలో మైక్రోఆర్‌ఎన్‌ఏలు ఒక వర్గం. రోగనిరోధక శక్తి ఒకటి, చుట్టూ ఉన్న మంచి కణాల ఒత్తిడి ఒకటి, ఇంకా ఉన్నాయి. కానీ మైక్రోఆర్‌ఎన్‌ఏల కథ నాకు మన పెన్నా కాలువల వల్ల బాగా అర్థమైంది కాబట్టి దాన్నే చెబుతాను.

పెన్నా మీది సోమశిల జలాశయంలో నీళ్లు నిలవ ఉంటాయి. అక్కడి నుంచి సంగం బ్యారేజీకి, అక్కడి నుంచి కాలువలకు, కాలువల నుంచి తూముల ద్వారా కయ్యలకు. కణంలో డీఎన్‌ఏ సోమశిల లాంటిది, ఉన్న చోటు వదిలి కదలదు. అందులో నుంచి అవసరమైన సమాచారాన్ని నకలు తీసుకుని బయటికి మోసుకొచ్చే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ కాలువ. చివరికి కయ్యలో పారే నీరు ప్రోటీన్. పంట పండేది దానితోనే. ఇప్పుడు తూము దగ్గర నిలబడే నీరుగంటిని తలుచుకోండి. ఈ రోజుల్లో లస్కరు అంటున్నాం. ఆయన నీళ్లు పుట్టించడు, జలాశయాన్ని ముట్టుకోడు. తలుపు కాస్త దించుతాడు, కాస్త ఎత్తుతాడు. ఏ కయ్యకు ఎంత అన్నది ఆయన చేతిలో ఉంటుంది. మైక్రోఆర్‌ఎన్‌ఏ చేసేది ఇదే. సుమారు 22 అక్షరాల చిట్టి ముక్క. దాని మొదట్లో ఉన్న ఏడెనిమిది అక్షరాలు ఏ మెసెంజర్‌తో జతపడితే ఆ మెసెంజర్ మీద కూర్చుని, ప్రోటీన్ తయారీని తగ్గిస్తుంది. పూర్తిగా మూసేయడం తక్కువ, దించడమే ఎక్కువ. ఒక్కో నీరుగంటి చాలా తూములు చూసుకుంటాడు, ఒకే తూము మీద ఇద్దరు ముగ్గురు ఉండొచ్చు. మనిషి ప్రోటీన్ జన్యువుల్లో సగానికి పైగా ఇలా ఏదో ఒక మైక్రోఆర్‌ఎన్‌ఏ అజమాయిషీలో ఉన్నాయని అంచనా.

దీన్ని మొదట కనిపెట్టింది మనిషిలో కాదు, ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగులో. 1993లో అమెరికాలో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ వేర్వేరు ప్రయోగశాలల్లో పనిచేస్తూ, ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క ఇంకో జన్యువు పనిని తగ్గిస్తోందని చూపించారు. ఏదో పురుగు వింత అని లోకం పెద్దగా పట్టించుకోలేదు. ఏడేళ్ల తర్వాత, 2000లో, రవ్‌కున్ బృందం రెండోది కనిపెట్టి, అది మనిషిలోనూ ఉందని తేల్చాక అందరి చూపూ ఇటు తిరిగింది. 2002లో ఒక రకం రక్త క్యాన్సర్‌లో రెండు మైక్రోఆర్‌ఎన్‌ఏలు మాయమవుతున్నాయని బయటపడింది. క్యాన్సర్‌తో వీటి సంబంధం మొదట తెలిసింది అప్పుడే. ఆంబ్రోస్‌కు, రవ్‌కున్‌కు 2024లో వైద్యశాస్త్రంలో నోబెల్ వచ్చింది. పనికీ గుర్తింపుకూ మధ్య 31 ఏళ్లు.

ఎండకూ వీటికీ సంబంధం రెండు చోట్ల ఉంది. మొదటిది ఎండ తగిలిన గంటల్లో. 2009లో అచ్చయిన ఒక అధ్యయనంలో ప్రయోగశాలలో పెంచిన కణాల మీద అతినీలలోహిత కిరణాలు పడనిచ్చి చూశారు. కాసేపట్లోనే కొన్ని మైక్రోఆర్‌ఎన్‌ఏల మోతాదు మారిపోయింది. వాటిలో మిర్-16 అనేది పెరిగి, కణ విభజనను ముందుకు తోసే ఒక ప్రోటీన్ తూము దించేసింది. వరదొచ్చినప్పుడు నీరుగంటి పరిగెత్తుకెళ్లి తలుపు వేసినట్టే. కణం విభజన ఆపి, మరమ్మతుకు టైమ్ తీసుకుంటుంది. మైక్రోఆర్‌ఎన్‌ఏలను తయారుచేసే యంత్రాంగాన్నే ముందుగా దెబ్బతీసి, తర్వాత కిరణాలు ఇస్తే ఎక్కువ కణాలు తట్టుకోలేక చచ్చిపోయాయి. పీ53 కూడా తన పనిలో కొంత భాగం ఇలాగే చేయిస్తుంది. డీఎన్‌ఏ దెబ్బతినగానే అది మిర్-34 అనే కుటుంబాన్ని పనిలోకి పిలుస్తుందని 2007లో చాలా ప్రయోగశాలలు దాదాపు ఒకేసారి కనిపెట్టాయి. అవి వచ్చి విభజనకు కావలసిన తూములు, కణాన్ని చావనివ్వకుండా పట్టుకునే తూములు దించుతాయి. ఇప్పుడు ఎండ చేతిరాత పీ53 మీదే పడిందనుకోండి. పిలిచేవాడే లేడు, నీరుగంటి రాడు.

రెండో సంబంధం ఏళ్ల మీద బయటపడేది, మా పెదనాన్న జబ్బుకు దగ్గరిది. చర్మం అడుగు పొరలో కణాలు విభజన చెందుతూ, కొన్ని పైకి బయలుదేరతాయి. దాదాపు నెల రోజుల ప్రయాణం తర్వాత ఉపరితలానికి వచ్చి రాలిపోతాయి. స్నానం చేస్తూ ఒళ్లు రుద్దుకుంటే వచ్చే మట్టిలో చాలా భాగం ఇవే. అడుగు పొర వదిలిన కణం ఇక విభజన చెందకూడదు. ఆ మాట చెప్పేది మిర్-203. అడుగు పొరలో ఇది చాలా తక్కువ, పైకి కదిలిన కణంలో బాగా ఎక్కువ. పీ63 అనే ప్రోటీన్ తూమును దించి "ఇక చాలు" అంటుందని 2008లో రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో ఎలేన్ ఫుక్స్ బృందం చూపించింది.

బేసల్ సెల్ కార్సినోమా మొదలయ్యేది ఎక్కువగా పీటీసీహెచ్-1 అనే జన్యువు చెడిపోవడంతో. అది హెడ్జ్‌హాగ్ అనే పెరుగుదల మార్గానికి బ్రేకు. ఎండ చేతిరాత దాని మీద పడి బ్రేకు పోతే, ఆ మార్గం ఆగకుండా నడుస్తుంది. స్వీడన్ పరిశోధకులు 2012లో చూసిందేమిటంటే, ఇలా నడిచిన మార్గం మిర్-203ని అణిచేస్తోంది. కణితిలో ఆ నీరుగంటి దాదాపు లేడు. ఎలుకల్లో కణితికి మిర్-203ని తిరిగి అందిస్తే పెరుగుదల తగ్గింది. నాకు ఈ చోట లెక్క కుదిరింది. ఎండ చేసిన అక్షరదోషం ఒక పక్క, అదుపు తప్పిన మోతాదు ఇంకో పక్క, రెండూ విడివిడి కథలు కావు. వేల తప్పుల్లో చాలావాటితో ఏమీ కాదు. నీరుగంటిని నియమించే చోట, పిలిచే చోట తప్పు పడితే మాత్రం దాని కింద ఉన్న తూములన్నీ ఒకేసారి అదుపు తప్పుతాయి. కనురెప్పల చర్మంలో అన్ని తప్పులున్నా కణితి లేకపోవడానికి, మా పెదనాన్న ముక్కు పక్కన ఒక్క చోటే లేవడానికి కారణం కొంతవరకు ఇందులో ఉందని నేను నమ్ముతున్నాను.

అన్ని నీరుగంటులూ మంచివాళ్లే అనుకోకూడదు. మిర్-21 ఉంది. పీటెన్, పీడీసీడీ-4 అనే రెండు ప్రోటీన్లు కణితి పెరగకుండా ఆపేవి. మిర్-21 సరిగ్గా వాటి తూములే దించుతుంది. స్క్వేమస్ సెల్ కార్సినోమా అనే రెండో రకం చర్మ క్యాన్సర్‌లో ఇది పెరిగి కనిపిస్తుంది. 2011లో మిర్-21 లేకుండా పుట్టించిన ఎలుకల చర్మం మీద క్యాన్సర్ కలిగించే రసాయనాలు పూస్తే, మామూలు ఎలుకల కంటే తక్కువ కణితులు లేచాయి. ఇది రసాయనాలతో చేసిన ప్రయోగం, ఎండతో కాదు. ఆ తేడా గుర్తుంచుకోవాలి. మూడో రకం, అన్నిటికంటే ప్రమాదకరమైనది, మెలనోమా. రంగు తయారుచేసే కణాల్లో పుడుతుంది. ఆ కణాల్లో మామూలుగా బాగా ఉండే మిర్-211 మెలనోమా ముదిరే కొద్దీ తగ్గిపోతుంది, మిర్-221, మిర్-222 పెరుగుతాయి. అంకెలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఆపేవి తగ్గుతాయి, బ్రేకుల్ని పనిచేయనివ్వనివి పెరుగుతాయి అని తెలిస్తే చాలు.

ఇది విన్న వెంటనే చాలామంది అడిగేది, మరి రక్తపరీక్షలో ఇవి తెలుస్తాయా, మందుందా అని. మైక్రోఆర్‌ఎన్‌ఏలు చిన్నవి, ప్రోటీన్‌ను అంటిపెట్టుకుని ఉంటాయి కాబట్టి తొందరగా చెడిపోవు. బయాప్సీ ముక్కను మైనంలో పెట్టి ఏళ్ల తర్వాత తీసినా దొరుకుతాయి, రక్తంలోనూ దొరుకుతాయి. అందుకే పరీక్షగా వాడాలని చాలా ప్రయత్నాలు జరుగుతున్నాయి. కానీ ఈ రోజుకు చర్మ క్యాన్సర్‌ను తేల్చేది బయాప్సీయే. మందు సంగతికొస్తే, మిర్-34ని పోలిన మందును 2013లో మొదటిసారి క్యాన్సర్ రోగులకు ఇచ్చి చూశారు. కొందరిలో రోగనిరోధక వ్యవస్థ తీవ్రంగా తిరగబడడంతో 2016లో ఆపేశారు. ఒకే నీరుగంటి వందల తూములు చూసుకుంటాడు కదా, ఆయన్ని ఒళ్లంతా దింపితే ఎక్కడెక్కడ నీళ్లు ఆగిపోతాయో చెప్పలేం. ఈ పేరు చెప్పి ఎవరైనా క్రీములు, ప్యాకేజీలు అమ్మజూపితే డబ్బు ఇవ్వకండి. ఇంకో మాట, చర్మ క్యాన్సర్ మీద జరిగిన ఈ పరిశోధనలో ఎక్కువ భాగం తెల్లచర్మం ఉన్నవాళ్ల కణితుల మీదే. మన చర్మం మీద కూడా జరగాలి. మనవాళ్లకు ఈ జబ్బు తక్కువ కాబట్టి ఎవరూ చూడరు, ఎవరూ చూడరు కాబట్టి ఆలస్యంగా దొరుకుతుంది.

తక్కువ అన్నది నిజమే, కారణం చర్మానికి రంగునిచ్చే మెలనిన్. దాన్ని మైక్రోస్కోపులో చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. రంగు రేణువులు కణమంతా చెదిరి ఉండవు. కణకేంద్రకం మీద, పై వైపున, గిడుగు పట్టినట్టు గుమిగూడి ఉంటాయి. కింద డీఎన్‌ఏ, పైన గొడుగు. 1979లో అమెరికాలో కొలిచి చూస్తే నల్లజాతివారి పై చర్మం ఇచ్చే రక్షణ సన్‌స్క్రీన్ లెక్కలో 13.4, తెల్లవారిది 3.4. మనం ఆ మధ్యలో ఎక్కడో ఉంటాం. మా పెద్దమ్మ చెప్పే "ఎండ మనకు అలవాటే" అన్న మాటలో ఉన్న సత్యం ఇది. కానీ 13 అంటే గొడుగే గానీ ఇంటి కప్పు కాదు. నలభై ఏళ్లు, ఏడాదికి ఆరేడు నెలలు, రోజుకు ఏడెనిమిది గంటలు. కింది పెదవికి ఆ గొడుగు పల్చన. పుట్టుకతో మెలనిన్ లేక ఒళ్లంతా తెల్లగా ఉండే పిల్లలకు అసలు లేదు. వాళ్లను చిన్నప్పటి నుంచీ ఎండ నుంచి కాపాడుకోవాలి.

ఆరుబయట పని చేయడం వల్లే వచ్చే జబ్బుగా దీన్ని చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో గట్టిగా చెప్పాయి. మెలనోమా కాని చర్మ క్యాన్సర్ల వల్ల లోకంలో జరిగే మరణాల్లో దాదాపు మూడో వంతు ఎండలో పనిచేయడం వల్లేనని వాటి అంచనా. ఉప్పు కయ్యలు, రొయ్యల గుంటలు, గూడూరు నిమ్మతోటలు, చీమకుర్తి గ్రానైట్ క్వారీలు, కొత్తపట్నం పడవలు, కందుకూరు పొగాకు చేలు. మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో ఆరుబయట పనిచేయని ఇల్లు ఎక్కడుంది?

ఎండ ఒక్కటే కారణం అనుకుంటే కూడా ప్రమాదమే. మనవాళ్లలో స్క్వేమస్ సెల్ కార్సినోమా తరచు పాత కాలిన మచ్చల మీద, ఏళ్ల తరబడి మానని కాలి పుండ్ల మీద లేస్తుంది. ఉప్పు నీళ్లలో నిలబడి పనిచేసేవాళ్ల కాళ్ల పుండ్లను అందుకే తేలిగ్గా తీసుకోకూడదు. లంగా బొందు ఒకే చోట బిగుతుగా కట్టుకుని, నడుము దగ్గర ఒరిసి ఒరిసి పుండై, అది క్యాన్సర్‌గా మారిన ఆడవాళ్ల గురించి మన దేశపు డాక్టర్లు రాశారు. అరికాలిలో, అరిచేతిలో, గోరు కింద వచ్చే మెలనోమాకు ఎండతో పని లేదు. మనలాంటి చర్మం ఉన్నవాళ్లలో మెలనోమా వస్తే ఎక్కువగా కనిపించేది ఆ చోట్లే, ఎవరూ చూడని చోట్లే.

కాబట్టి చూడాల్సిందల్లా చూడాలి. నాలుగు వారాలైనా మానని పుండు, పక్కు ఊడి మళ్లీ కట్టే చోటు, మెరిసే అంచున్న నల్లటి బుడిపె, ఊరికే రక్తం కారేది, గోరులో కొత్తగా వచ్చి వెడల్పవుతున్న నల్లగీత, అరికాలిలో రూపం మారుతున్న మచ్చ. వీటి మీద సున్నం, జీడిరసం పెట్టి కాల్చకండి. పైది పోతుంది, కిందిది ఉంటుంది, డాక్టరు చూసేసరికి గుర్తుపట్టడం కష్టమవుతుంది. మా ఇంట్లో పోయిన రెండేళ్లు అలా పోయినవే. ముక్క తీస్తే జబ్బు పాకుతుందన్న భయమూ అక్కర్లేదు. మా పెదనాన్న బయాప్సీకి అరగంట కూడా పట్టలేదు.

సన్‌స్క్రీన్ మంచిదే. కానీ చెమటలో, ఉప్పు నీళ్లలో రెండు గంటలకోసారి రాసుకోమని కూలీకి చెప్పడం నా వల్ల కాదు. వెడల్పు అంచున్న టోపీ, పొడుగు చేతుల చొక్కా, పని వేళ మార్చుకోవడం, ఇవి కుదిరేవి. పూర్వం పెద్దవాళ్లు నీడను అడుగులతో కొలిచి పొద్దు చెప్పేవాళ్లు. అదే లెక్క ఇక్కడా పనికొస్తుంది. మీ నీడ మీకంటే పొట్టిగా ఉంటే కిరణాలు గట్టిగా ఉన్నట్టు. కాళ్ల కిందికి వచ్చేసిందంటే నీడ పట్టున కూర్చోవాల్సిన వేళ. ఫోన్లో వాతావరణం చూసేచోట యూవీ ఇండెక్స్ అని ఒక అంకె ఉంటుంది, వేసవి మధ్యాహ్నం మన దగ్గర అది 11 దాటడం మామూలే. ఆ అంకె మూడుకు చేరినప్పటి నుంచే జాగ్రత్త పడమంటారు. విటమిన్ డి కోసం ఎండ కావాలి కదా అంటే, కావాలి. దానికి చేతులు, కాళ్లు కాసేపు ఎండ చూస్తే సరిపోతుంది, పగలంతా అక్కర్లేదు.

పెద్దమ్మకు ఇదంతా ఒక సాయంత్రం కూర్చుని చెప్పాను, సోమశిల నుంచి తూము దాకా. "అయితే ఈయన తూము దగ్గర లస్కరు పొయ్యాడంటావు. మిగతా వాళ్లకు ఇంకా ఉండాడు" అంది. అవునన్నాను. ఎవరికి ఎప్పుడు పోతాడో ముందుగా చెప్పే పరీక్ష లేదని, చూసుకుంటూ ఉండడమే మన చేతిలో ఉందని చెప్పాను. పెదనాన్న ఇప్పుడు తెల్లవారుజామునే కయ్యల్లోకి దిగి పదింటికల్లా గట్టెక్కుతున్నారు, తలగుడ్డ మీద తాటాకు టోపీ పెడుతున్నారు. నెలకోసారి పెద్దమ్మ ఫోన్ టార్చ్ వేసి ఆయన చెవుల వెనక, మెడ, వీపు, అరికాళ్లు చూస్తుంది. పోయిన వారం నాకు ఒక ఫోటో వచ్చింది. పెదనాన్న ఎడమ మడమ, దాని మీద చిన్న గోధుమరంగు మచ్చ, పక్కన రూపాయి బిళ్ల. కింద వాయిస్ మెసేజ్: "వచ్చే నెల మళ్లీ ఇదే బిళ్ల పెట్టి తీస్తా, పెరిగిందేమో చూడు నాయనా."